పిండాన్ని చూసి తల్లి బరువు చెప్పలేం

గౌరవనీయులైన సంపాదకులకు,

గత వారం మీ పత్రిక ఆరోగ్యం పేజీలో సంతానలేమి చికిత్సపై వచ్చిన వ్యాసం చదివాను. లావుగా ఉన్న స్త్రీల పిండాలు నాసిరకంగా ఉంటాయనీ, కాబట్టి ముందు బరువు తగ్గి ఆ తర్వాతే ఐవీఎఫ్‌కు, అంటే అండాన్ని శరీరం బయట ల్యాబ్‌లో ఫలదీకరించే చికిత్సకు, వెళ్లాలనీ అందులో రాశారు. మొదటి మాటలో సగమే నిజం ఉంది. రెండో మాట కొందరికి మేలు చేస్తుంది, మరికొందరికి మళ్లీ తెచ్చుకోలేని కాలాన్ని పోగొడుతుంది. ఇరవై ఏళ్లకు పైగా ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్‌గా పనిచేసి, వేల పిండాలను మైక్రోస్కోపు కింద చూసినదాన్ని కనుక, ఈ విషయంలో నాకు తెలిసినది మీ పాఠకుల ముందు ఉంచాలనిపించి రాస్తున్నాను. కొంచెం పొడవైనా పూర్తిగా ప్రచురించగలరని మనవి.

'నాసిరకం' అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. అండాలు సేకరించే రోజున ఆపరేషన్ గదికీ మా ల్యాబ్‌కూ మధ్య ఉన్న చిన్న కిటికీ గుండా వెచ్చటి ట్యూబులు మా చేతికి అందుతాయి. వాటిలోని ద్రవాన్ని డిష్‌లో పోసి వెతికితే, జిగటగా అల్లుకున్న కణాల మబ్బు మధ్యలో, మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త మించిన అండం కనబడుతుంది. ఫలదీకరణ జరిగి ఐదో రోజుకు అది బ్లాస్టోసిస్ట్ అనే, లోపల ద్రవం నిండిన బంతిలాంటి దశకు చేరితే దానికి ఒక అంకెతో, రెండు అక్షరాలతో గ్రేడు ఇస్తాం. పిండం ఎంత విప్పారిందో అంకె చెబుతుంది. బిడ్డగా ఎదగవలసిన లోపలి కణాల ముద్ద ఎలా ఉందో మొదటి అక్షరం, మాయగా మారవలసిన పైపొర ఎలా ఉందో రెండో అక్షరం చెబుతాయి. '4ఏబీ' అనో '3బీబీ' అనో రాసిన కాగితాన్ని దంపతులు పిల్లల మార్కుల కార్డులా పట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకోవడం నాకు అలవాటైన దృశ్యం.

ఆ డిష్ మీద పేరు, గుర్తింపు సంఖ్య ఉంటాయి గానీ బరువు ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నాతో పనిచేసే ఒకామే నేనూ గ్రేడింగ్ ముగించిన తర్వాత, ఈ పిండం లావుపాటి మనిషిదా, సన్నపాటి మనిషిదా అని ఊహించి, కేసు షీటు తెరిచి ఒకరి ఊహ ఒకరం సరిచూసుకునేవాళ్లం. కొన్ని వారాలకే విసుగొచ్చి మానేశాం, ఎందుకంటే బొమ్మాబొరుసూ వేసుకుంటే వచ్చే ఫలితం కన్నా మా ఊహలు మెరుగ్గా ఉండేవి కావు. అది శాస్త్రీయ పరీక్ష కాదని ఒప్పుకుంటాను. అయితే పద్ధతిగా జరిగిన అధ్యయనాల్లో కూడా బరువును బట్టి పిండం గ్రేడులో చెప్పుకోదగ్గ తేడా కనిపించనివి చాలానే ఉన్నాయి, తేడా కనిపించినవి కొన్ని ఉన్నాయి. క్రోమోజోముల సంఖ్య సరిగ్గా ఉన్న పిండాల నిష్పత్తి విషయంలోనైతే ప్రధానంగా లెక్కకు వచ్చేది స్త్రీ వయసే. ఆ నిష్పత్తి బరువుతో పాటు తగ్గిపోతుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. అటువంటప్పుడు 'లావు వల్ల నీ పిండాలు పాడయ్యాయి' అని ఒక స్త్రీతో అనడానికి మా మైక్రోస్కోపు సాక్ష్యం ఇవ్వదు.

అలాగని బరువుకూ అండానికీ సంబంధమే లేదని నేను అనడం లేదు. కంటికి కనిపించని చోట సంబంధం ఉంది, అది తేలికగా తీసిపారేసేదీ కాదు. శరీరంలో కొవ్వు, ముఖ్యంగా పొట్ట లోపల చేరిన కొవ్వు, పెరిగినప్పుడు ఇన్సులిన్‌కు శరీరం సరిగ్గా స్పందించదు. దాన్ని పూడ్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాన్ని పురుష హార్మోన్లు ఎక్కువగా తయారుచేసేలా ప్రేరేపిస్తుంది, కాలేయంలో తయారై ఆ హార్మోన్లను కట్టడిచేసే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. కొవ్వు కణజాలం తన వంతుగా పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మెదడు నుంచి అండాశయానికి అందే సంకేతాల వరుస ఇలా తప్పుతుంది, నెలసరి అదుపు తప్పుతుంది, కొన్ని నెలల్లో అండం విడుదలే కాదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల క్రమం తప్పే అండాశయ సమస్య) ఉన్నవారిలో ఈ గొలుసంతా మరింత బిగుసుకుంటుంది.

అండాశయంలో అండం పెరిగే చిన్న సంచి అయిన ఫాలికిల్‌లోని ద్రవాన్ని పరీక్షించిన పరిశోధకులకు, ఊబకాయం ఉన్న స్త్రీలలో అక్కడ ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు, వాపును సూచించే పదార్థాలు ఎక్కువగా కనిపించాయి. చివరి నెలల పాటు అండం నానుతూ ఉండేది ఆ ద్రవంలోనే కదా. ఎలుకలకు కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టి చేసిన ప్రయోగాల్లో అండం లోపలి మైటోకాండ్రియా, అంటే దానికి శక్తినిచ్చే భాగాలు, దెబ్బతిన్నాయి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, తీవ్రమైన ఊబకాయం ఉన్న స్త్రీల నుంచి తీసి ఫలదీకరణ చెందకుండా మిగిలిపోయిన అండాల్లో, క్రోమోజోములను సమంగా పంచవలసిన స్పిండిల్ అనే దారాల అల్లిక చిక్కుపడి ఉండడం ఎక్కువగా కనిపించింది. కాకపోతే అవి ఫలించని అండాలని గుర్తుంచుకోవాలి. ఫలించినవాటి సంగతి వాటితో తేల్చలేం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2015లో ఇంగ్లండ్ నుంచి వెలువడిన మరో అధ్యయనం. బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కించే కొలత) 25, అంతకు పైబడిన స్త్రీల అండాలు కాస్త చిన్నవిగా ఉన్నాయని, ఫలదీకరణ తర్వాత బ్లాస్టోసిస్ట్ దశ దాకా ఎదిగేవి తక్కువని, ఎదిగినవి మాత్రం మిగతావాటికన్నా వేగంగా ఆ దశకు చేరాయని, చేరినప్పటికి వాటి పైపొరలో కణాలు తక్కువగా ఉన్నాయని అందులో తేలింది. ఆ పిండాలు గ్లూకోజును తక్కువగా వాడుకున్నాయి, వాటిలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా పోగయ్యాయి. త్వరగా ఎదిగిన పిండాన్ని చూసి సంతోషించే అలవాటు మా ల్యాబుల్లో ఉంది. ఆ తొందర ప్రతిసారీ మంచి లక్షణం కాకపోవచ్చన్న అనుమానం అప్పుడు నాలో మొదలైంది. అంటే బరువు ప్రభావం పిండం రూపం మీద కన్నా దాని జీవక్రియ మీద ఎక్కువ. మేమిచ్చే అంకె, అక్షరాలు దాన్ని పట్టుకోలేవు. మీ వ్యాసంలో 'నాసిరకం' అన్న ఒక్క మాట ఈ రెంటినీ కలిపేసింది.

గర్భాశయం సంగతి మీ వ్యాసం అసలు ఎత్తలేదు. క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయని పరీక్షించి నిర్ధారించుకున్న పిండాన్నే గర్భాశయంలోకి బదిలీ చేసినా, ఊబకాయం ఉన్న స్త్రీలలో గర్భస్రావాలు ఎక్కువగా ఉన్నట్లు కొన్ని అధ్యయనాలు చూపాయి. పిండం సరైనదైనప్పుడు లోపం దాన్ని నిలుపుకోవలసిన గర్భాశయ లోపొరలోనో, తల్లి శరీరంలోని హార్మోన్ల వాతావరణంలోనో వెతకాలి. దాత అండాలతో గర్భం దాల్చిన స్త్రీలను పరిశీలిస్తే ఇది తేలిపోవాలి గానీ, ఆ అధ్యయనాలు ఒకదానికొకటి పొంతన లేని జవాబులిచ్చాయి. కాబట్టి తప్పంతా పిండం మీదికి నెట్టడం తొందరపాటు.

ఇంతకీ మొత్తం నష్టం ఎంత? 2019లో 21 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ ప్రకారం, బీఎంఐ 30, ఆపైన ఉన్న స్త్రీలకు ఐవీఎఫ్ ద్వారా బిడ్డ పుట్టే అవకాశం సాధారణ బరువున్న వారితో పోలిస్తే సుమారు 15 శాతం తక్కువ. ఈ 15 శాతాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. సాధారణ బరువున్న వంద మందిలో 30 మందికి కాన్పు అవుతుందనుకుంటే, ఊబకాయం ఉన్న వంద మందిలో 25, 26 మందికి అవుతుంది, 15 మందికి కాదు. తేడా ఉంది. తలుపు మూసేంత తేడా మాత్రం కాదు. పైగా వయసు పెరిగే కొద్దీ బరువు ప్రభావం వయసు ప్రభావంలో కలిసిపోతుందని, ముప్ఫైల చివర్లో వయసుదే పైచేయి అని కూడా పరిశోధనలు చెబుతున్నాయి.

ఇప్పుడు 'ముందు బరువు తగ్గండి' అన్న సలహాకు వస్తాను. ఇది నిజంగా ఫలిస్తుందా అని తేల్చడానికి చీటీలు వేసినట్టు స్త్రీలను రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్షలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో బీఎంఐ 29, అంతకు మించి ఉన్న 577 మంది స్త్రీలలో ఒక గుంపుకు ఆరు నెలల పాటు ఆహార, వ్యాయామ శిక్షణ ఇచ్చి ఆ తర్వాత చికిత్స చేశారు, రెండో గుంపుకు వెంటనే చికిత్స మొదలుపెట్టారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి గుంపు సగటున 4.4 కిలోలు తగ్గింది. కానీ నెలలు నిండిన ఆరోగ్యవంతమైన ఒకే బిడ్డ సహజ ప్రసవంలో పుట్టడం అన్నదాన్ని కొలమానంగా తీసుకుంటే, రెండేళ్లలో శిక్షణ పొందిన గుంపులో అది 27.1 శాతం, వెంటనే చికిత్స పొందిన గుంపులో 35.2 శాతం. 4.4 కిలోలు ఏపాటి తగ్గుదల అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ కేంద్రాల్లో జరిగి 2017లో ప్రచురితమైన మరో పరీక్షలో 12 వారాల పాటు రోజుకు 880 కేలరీల ద్రవాహారం మీద ఉంచి, సగటున 9 కిలోలకు పైగా తగ్గించారు. అక్కడ కూడా కాన్పులు బరువు తగ్గించిన గుంపులో 29.6 శాతం, వెంటనే చికిత్స పొందిన గుంపులో 27.5 శాతం. అంటే గణాంకాల లెక్కలో తేడా లేనట్టే. అమెరికాలో కారణం తెలియని సంతానలేమి ఉన్న 379 మంది మీద చేసిన పరీక్ష 2022లో వెలువడింది. అందులోనూ చికిత్సకు ముందు గట్టిగా బరువు తగ్గించుకున్న గుంపుకు ఆరోగ్యవంతమైన కాన్పులు ఎక్కువ కాలేదు.

ఈ పరీక్షల్లో మరో సంగతి ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. నెదర్లాండ్స్‌లోనూ, స్వీడన్ నడిపిన పరీక్షలోనూ బరువు తగ్గిన స్త్రీలలో చికిత్స అవసరం లేకుండానే సహజంగా గర్భం దాల్చినవారు ఎక్కువ. అండం విడుదల సరిగ్గా కాని స్త్రీలలో, ముఖ్యంగా పీసీఓఎస్ ఉన్నవారిలో, శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి గాడిన పడడం వైద్యులందరికీ అనుభవమే. కనుక ముప్ఫై ఏళ్ల లోపు వయసుండి, నెలసరి క్రమం తప్పి, ఫాలోపియన్ నాళాలు బాగుండి, భర్త వీర్యపరీక్షలో లోపం లేని స్త్రీకి 'ఆరు నెలలు బరువు మీద దృష్టి పెట్టండి' అన్న సలహా ఎంతో మంచిది. అదే సలహా ముప్ఫై ఎనిమిదేళ్ల స్త్రీకి, నాళాలు మూసుకుపోయిన స్త్రీకి ఇస్తే బరువు తగ్గడం వల్ల వచ్చే లాభం కన్నా గడిచిన నెలల నష్టమే ఎక్కువ కావచ్చు.

నేను పనిచేసిన ఒక కేంద్రంలో జరిగిన సంగతి చెబుతాను, పేరు అనవసరం. ముప్ఫై ఏడేళ్ల ఒకామె మొదటిసారి వచ్చినప్పుడు స్కానింగ్‌లో రెండు అండాశయాల్లో కలిపి పదకొండు చిన్న ఫాలికిల్స్ కనిపించాయి. ఆమె వయసుకు అది మంచి సంఖ్యే. బరువు తూచిన నర్సు ఆ అంకెను వరండాలో కూర్చున్నవారందరికీ వినపడేలా చదివింది. పది కిలోలు తగ్గితే తప్ప మొదలుపెట్టేది లేదని లోపల చెప్పి పంపేశారు. ఏడాదిన్నర తర్వాత ఆమె తిరిగొచ్చినప్పుడు పన్నెండు కిలోలు తగ్గింది, ముఖం గుర్తుపట్టలేనంతగా మారింది. స్కానింగ్‌లో ఫాలికిల్స్ నాలుగు. నా డిష్‌లోకి చేరిన అండాలు మూడు, ఐదో రోజుకు మిగిలిన పిండం ఒక్కటి. బదిలీకి ముందు తెర మీద దాన్ని చూపిస్తుంటే ఆమె 'ఇప్పుడైనా బాగుందా మేడమ్? తగ్గాను కదా' అని అడిగింది. గ్రేడు బాగానే ఉంది, ఆ మాటే చెప్పాను. ఆ గర్భం నిలవలేదు. బరువు తగ్గకుండా మొదటే చేస్తే నిలిచేదని నేను చెప్పలేను. కానీ పదకొండు నాలుగైన ఆ ఏడాదిన్నరను ఆమె చేత ఖర్చు పెట్టించే ముందు, ఆమె వయసును కూడా తక్కెడలో వేసి చూపించవలసిన బాధ్యత మా వాళ్లకు ఉండింది. ఆ మాట అప్పుడు నేను గట్టిగా అనలేదు. ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి అది కూడా ఒక కారణం.

బరువుకు హద్దు పెట్టే వైద్యులకు తమ కారణాలు ఉన్నాయని ఒప్పుకోవాలి. బరువు ఎక్కువైతే ఇంజెక్షన్ల మోతాదు పెంచవలసి వస్తుంది, స్కానింగ్‌లో అండాశయాలు స్పష్టంగా కనబడవు, మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరికి ఇబ్బంది కలిగే ప్రమాదం పెరుగుతుంది. గర్భం నిలిచిన తర్వాత గర్భధారణ మధుమేహం, రక్తపోటు, సిజేరియన్, మృత శిశువు పుట్టే ప్రమాదం కూడా ఎక్కువే. ఇవన్నీ తల్లీబిడ్డల క్షేమానికి సంబంధించిన గట్టి కారణాలు. అలాంటప్పుడు ఆ కారణాలే చెప్పాలి. 'మీ పిండం బాగుండదు' అని చెప్పి ఒప్పించడం సులువు కావచ్చు గానీ, బిడ్డ కోసం అల్లాడుతున్న మనిషి మనసులో ఆ మాట అపరాధంగా పాతుకుపోతుంది.

బీఎంఐ అన్న కొలత మీద కూడా ఒక మాట. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే ఈ అంకెను బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 1830లలో రూపొందించింది జనసమూహాల సగటును వర్ణించడానికే గానీ, ఎదుట కూర్చున్న ఒక్క మనిషికి చికిత్స చేయాలో వద్దో తేల్చడానికి కాదు. అది కండనూ కొవ్వునూ వేరు చేయదు, కొవ్వు పొట్టలో ఉందో తొడల్లో ఉందో చెప్పదు. ఆసియా ప్రజల్లో తక్కువ బీఎంఐ దగ్గరే మధుమేహం వంటి ముప్పులు మొదలవుతాయని గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో వారికి ముప్పు పెరిగే హద్దులుగా 23, 27.5 అన్న అంకెలను సూచించారు. ఆ లెక్కన అంకె తక్కువని నిశ్చింతగా ఉండడమూ పొరపాటే, అంకె ఎక్కువని తిప్పి పంపడమూ పొరపాటే.

మీ వ్యాసంలో భర్త బరువు ప్రస్తావన ఒక్క వాక్యంలోనూ లేదు. పిండంలో సగం అతని నుంచి వస్తుందన్నది పాఠశాల పుస్తకాల్లో ఉన్న విషయమే అయినా, బరువు తూచే యంత్రం మీదికి ఎక్కేది భార్యే. ఊబకాయం ఉన్న పురుషుల్లో టెస్టోస్టిరాన్ తగ్గుతుంది, ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, వృషణాల వద్ద వేడి పెరుగుతుంది, వీర్యకణాల్లోని డీఎన్ఏ తునకలయ్యే అవకాశం ఎక్కువ. డెన్మార్క్ పరిశోధకులు 2022లో ప్రచురించిన పరీక్షలో, ఎనిమిది వారాల తక్కువ కేలరీల ఆహారంతో సగటున 16.5 కిలోలు తగ్గిన పురుషులకు వీర్యకణాల సాంద్రత దాదాపు ఒకటిన్నర రెట్లయింది, ఆ తగ్గుదలను నిలుపుకున్నవారిలో అది ఏడాది తర్వాతా నిలిచింది. వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అండం చివరి ఎదుగుదలకూ ఇంచుమించు అంతే. కాబట్టి ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు రెండు వారాలు కడుపు మాడ్చుకుంటే ఒరిగేది లేదు.

మరీ సన్నగా ఉండడం కూడా తక్కువ సమస్య కాదు. శరీరంలో కొవ్వు చాలా తగ్గితే కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోయి, మెదడు అండాశయానికి సంకేతాలు పంపడమే మానేస్తుంది, నెలసరి ఆగిపోతుంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువు తర్వాత తొమ్మిది నెలలకు అక్కడ జననాలు బాగా పడిపోవడం చరిత్రలో నమోదైంది. బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉన్న స్త్రీకి ఎవరూ 'నువ్వు బరువు పెరిగి రా' అని తలుపు దగ్గర చెప్పగా నేను వినలేదు.

చివరగా, మీ వ్యాసంలో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల గురించి ఒక పేరా ఉంది గానీ, అతి ముఖ్యమైన హెచ్చరిక లేదు. ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లూటైడ్ వాడుతున్న స్త్రీ గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే దాన్ని ఆపాలని మందు తయారీదారుల సూచన. ఈ మందుతో నెలసరి గాడిన పడి, అనుకోకుండా గర్భం వచ్చే అవకాశం కూడా ఉంది కాబట్టి ఈ సంగతి ముందే తెలియాలి. ఈ హెచ్చరికనూ, 'నాసిరకం పిండాలు' అన్న వాక్యానికి సవరణనూ రాబోయే ఆరోగ్యం పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. సవరణలో ఆ మాట స్థానంలో ఏం రాయాలని మీ విలేకరి అడిగితే, 'ఊబకాయం వల్ల ఐవీఎఫ్ ద్వారా బిడ్డ పుట్టే అవకాశం కొంత తగ్గుతుంది, దానికి పిండం ఒక్కటే కారణమని తేలలేదు' అని రాస్తే సరిపోతుంది.

భవదీయురాలు,
ఒక ఎంబ్రియాలజిస్ట్